సున్నపు తేట, ముసురు, పాలిపోయిన పగడాలు: ఒక రీఫ్ ట్యాంకు కేస్ స్టడీ

ఒక ఇంట్లో పగడాలు పెంచే ఈ ఉప్పునీటి ట్యాంకు రికార్డు పుస్తకం ఒక్కటే చూస్తే దీనికి ఏ జబ్బూ లేదనే అంటారు ఎవరైనా. ఎనిమిది వారాలుగా ఆల్కలినిటీ, అంటే పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడుకునే కార్బొనేట్‌ల కొలత, 8.7కీ 8.9కీ మధ్యే ఉంది. ఉప్పుదనం 35, ఉష్ణోగ్రత 25.5, నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. ట్యాంకులో మాత్రం అక్రోపోరా అనే పగడం కొమ్మల కొసలు కాలినట్టు తెల్లబడ్డాయి. ఆ కింద మిగిలిన ఒళ్లంతా రంగు దిగి పాలిపోయింది. మాంటిపోరా అంచున పెరుగుదల ఆగిపోయింది. యూఫిలియా సగమే విచ్చుకుంటోంది. గాజుకీ పంపులకీ పట్టే ఊదారంగు కోరలైన్ ఆల్గే కొత్తగా రావడం మానేసింది.

యజమాని మాట ఒక్కటే: "నీళ్లలో తప్పేమీ లేదండీ. ప్రతి ఆదివారం టెస్టు చేస్తూనే ఉన్నాను. లైటు మార్చాలేమో చూడండి."

లైటు సంగతి తర్వాత చూద్దామని పుస్తకం అడిగి తీసుకున్నాను. ఇళ్లలోని రీఫ్ ట్యాంకులు చూసే పనిలో నాకు అన్నిటికన్నా ఉపయోగపడేది ఆ పుస్తకమే. టెస్టు ఫలితాల గడి కన్నా మార్జిన్‌లో రాసుకున్న ముక్కలు, కొట్టివేతలు ఎక్కువ చెబుతాయి. ఇక్కడా అదే జరిగింది.

ట్యాంకు వివరాలు

సంప్‌తో, అంటే పంపులు, హీటర్ ఉండే పక్క తొట్టితో కలిపి మొత్తం 400 లీటర్ల వ్యవస్థ. రాళ్లు, ఇసుక పోగా నికరంగా నీళ్లు 340 లీటర్లు. లెక్కలన్నీ ఈ 340 మీదే వేశాను. డోసుల విషయంలో గాజు కొలతల మీద లెక్క వేసేవాళ్లు చాలామంది ఎక్కువ పోసేస్తారు. ట్యాంకు వయసు రెండేళ్లు. ఎల్‌ఈడీ లైట్లు, గాలి బుడగలతో మురికిని నురుగుగా తీసే ప్రొటీన్ స్కిమ్మర్, ఫాస్ఫేట్‌ని పట్టే ఐరన్ ఆక్సైడ్ గుళికలతో ఒక రియాక్టర్, వారానికి పది శాతం నీళ్ల మార్పు. ఆర్వో, డీఐ ఫిల్టర్లు దాటి వచ్చిన నీళ్లలో టీడీఎస్ (కరిగిన పదార్థాల కొలత) సున్నా. అది నేనూ చూశాను.

పగడాలకు కావలసిన కాల్షియం, ఆల్కలినిటీ అందించే ఏర్పాటు సున్నపు తేట. చల్లార్చిన సున్నాన్ని, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్‌ని, ఆర్వో నీళ్లలో కలిపి, అడుగున మడ్డి తేరాక పైన మిగిలే తేటని ఆవిరి భర్తీ డబ్బాలో పోస్తారు. ట్యాంకులో నీళ్లు ఎంత ఆవిరైతే ఆటో టాప్ ఆఫ్ పంపు అంత తేట సంప్‌లోకి పంపుతుంది. చవకైన, శుభ్రమైన పద్ధతి. కాల్షియం, ఆల్కలినిటీ రెంటినీ పగడం వాడుకునే నిష్పత్తిలోనే ఇస్తుంది, వెనక ఏ అదనపు ఉప్పూ మిగల్చదు, పైగా పీహెచ్‌ని ఎత్తి పట్టుకుంటుంది. నాకు ఇష్టమైన పద్ధతి కూడా ఇదే. కానీ దీనిలో ఒక మెలిక ఉంది: పగడాలకు ఎంత అందాలో నిర్ణయించేది పగడాల అవసరం కాదు, గదిలోని గాలి.

మార్జిన్‌లో గ్రాములు

పుస్తకంలో ప్రతి ఆదివారం ఆల్కలినిటీ అంకె పక్కన చిన్న అక్షరాలతో మరో అంకె ఉంది: 4, 8, 13, 17, 20, 23, 22, 23.

"ఈ గ్రాములేంటండీ?" అని అడిగాను.

"వంట సోడా. టెస్టులో కొంచెం తగ్గినట్టు కనబడితే ఆ పూటకి సరిపెడుతున్నాను. రెండు గంటలాగి మళ్లీ టెస్టు చేసి, అప్పుడొచ్చిన అంకె రాస్తాను."

అంటే పుస్తకంలో ఉన్నది నీళ్ల స్థితి కాదు, మరమ్మతు తర్వాతి స్థితి. సరిదిద్దాక రాసిన అంకె ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. అసలు రికార్డు ఆ గ్రాముల వరసే. దాన్ని వెనక్కి తిప్పి చదివితే ట్యాంకు కథ మొత్తం బయటపడింది.

లెక్క ఇలా ఉంటుంది. 100 లీటర్ల నీళ్లలో ఆల్కలినిటీ ఒక డీకేహెచ్ (దాన్ని కొలిచే యూనిట్, పుస్తకంలోని అంకెలు ఇందులోనే) పెరగాలంటే వంట సోడా సుమారు 3 గ్రాములు కావాలి. 340 లీటర్లకి 10.2 గ్రాములు. 23 గ్రాములు పోశారంటే ఒక్క దెబ్బకి 2.25 డీకేహెచ్ పెంచినట్టు. అదే పూట చేసే నీళ్ల మార్పుతో ఇంకో పావు డీకేహెచ్. రాసిన అంకె 8.8 కాబట్టి, పోయకముందు ఉన్నది 6.4 దరిదాపుల్లో. తర్వాతి శనివారం రాత్రి నేను చెప్పి చేయించిన టెస్టులో వచ్చింది కూడా 6.4.

సముద్రంలో ఆల్కలినిటీ 6.5–7 డీకేహెచ్ దగ్గర ఉంటుంది. కాబట్టి 6.4 దగ్గర పగడం బతకలేకపోవడం అంటూ ఏమీ లేదు. 8.8 దగ్గరా హాయిగా బతుకుతుంది. ఈ రెంటి మధ్య గంటలో ఎక్కించి వారంలో దించడమే దానికి పడదు. ఆదివారం అందలం, సోమవారం జోలె అన్నట్టయింది ఈ పగడాల బతుకు.

ఇక అసలు ప్రశ్న: మొదటి వారం 4 గ్రాములు సరిపోయిన చోట ఆరో వారానికి 23 ఎందుకు కావలసి వచ్చాయి? పగడాలు పెరిగి ఎక్కువ తింటున్నాయని యజమాని అనుకున్నారు. కళ్లెదుట కనిపిస్తున్న పగడాలు పెరుగుతున్న పగడాలు కావు. మొదటి 4 గ్రాములు రాసిన వారం ఏది అని చూస్తే, అది ముసురు పట్టిన వారం.

గాలి చేసిన పని

పొడి వాతావరణంలో ఈ ట్యాంకులో రోజుకి 4.3 లీటర్లు ఆవిరయ్యేవి. భర్తీ డబ్బా మీద మార్కర్ గీతలు ఉండటంతో ఈ సంగతి నమ్మకంగా చెప్పగలిగాం. వానలు మొదలై గాలిలో తేమ పెరిగాక ఆవిరి క్రమంగా తగ్గుతూ 3.2 లీటర్లకి దిగింది. పూర్తిగా సంతృప్తమైన సున్నపు తేట లీటరులో ఆల్కలినిటీ సుమారు 40 మిల్లీ ఈక్వివలెంట్లు ఉంటుంది. లీటరుకు ఒక మిల్లీ ఈక్వివలెంట్ అంటే 2.8 డీకేహెచ్. ఆ లెక్కన 4.3 లీటర్ల తేట 340 లీటర్ల ట్యాంకుకి రోజుకి 1.4 డీకేహెచ్ ఇస్తుంది. 3.2 లీటర్లు ఇచ్చేది 1.05 మాత్రమే. రోజుకి 0.35 లోటు, వారానికి దాదాపు రెండున్నర. ఆ రెండున్నరే ఆదివారం పూట సోడా రూపంలో పడుతోంది.

ఇది నిజమైతే ఇంకొకటి కూడా నిజం కావాలి. సున్నపు తేట తగ్గితే ఆల్కలినిటీతో పాటు కాల్షియమూ తగ్గాలి. సోడాలో కాల్షియం ఉండదు కనక ఆ లోటు ఎవరూ పూడ్చి ఉండరు. పగడం అస్థిపంజరం కట్టుకునేటప్పుడు ఆల్కలినిటీ 2.8 డీకేహెచ్ వాడితే కాల్షియం లీటరుకు 20 మిల్లీగ్రాములు వాడుతుంది. ఎనిమిది వారాల సోడా మొత్తం 130 గ్రాములు. దానికి జోడుగా పోవలసిన కాల్షియం లీటరుకు 90 మిల్లీగ్రాములకి కాస్త పైన. వారం వారం కొత్త ఉప్పు నీళ్లు కొంత భర్తీ చేస్తాయి. రెండు నెలల కింద పుస్తకంలో ఉన్న చివరి కాల్షియం అంకె 430. "తేట రెండూ కలిపే ఇస్తుంది కదా" అని తర్వాత ఎవరూ చూడలేదు. నేను చూస్తే 365.

ఈ 365 చేతికొచ్చాక నాకు పెద్దగా అనుమానం మిగల్లేదు. లైటు వల్లనో, తెగులు వల్లనో పగడాలు పాలిపోతే కాల్షియం ఈ పద్ధతిలో, ఈ నిష్పత్తిలో తగ్గదు.

వాన చేసిన పని అంతటితో ఆగలేదు. జల్లు కొడుతుందని కిటికీలు మూశారు. మూసిన గదిలో మనుషుల ఊపిరితో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది, అది నీళ్లలో కరిగి పీహెచ్‌ని దించుతుంది. సున్నపు తేట ఆ వాయువుని పట్టుకుని బైకార్బొనేట్‌గా మారుస్తుంది గానీ, ఇప్పుడు తేట పడేదే తక్కువ. తెల్లవారుజామున పీహెచ్ 7.7 చూపించింది. దీన్ని తేల్చుకోవడానికి ఒక పాత పరీక్ష ఉంది: ఒక మగ్గు ట్యాంకు నీళ్లు తీసుకుని బయటి గాలిలో పెట్టి, ఎయిర్ స్టోన్‌తో గంటసేపు గాలి కొట్టి మళ్లీ పీహెచ్ చూడటం. 7.7 నీళ్లు 8.15కి లేచాయి. తప్పు నీళ్లలో ఉంటే ఇలా లేవవు. గది గాలిదే నేరం.

పీహెచ్ 0.3 తగ్గిందంటే హైడ్రోజన్ అయాన్లు రెట్టింపయ్యాయని అర్థం. పగడం తన కణజాలం అడుగున, అస్థిపంజరానికి ఆనుకుని ఉండే పలుచని ద్రవంలోంచి ఆ అయాన్లను శక్తి ఖర్చుపెట్టి బయటికి తోడుతూ ఉంటేనే అక్కడ సున్నం గడ్డకడుతుంది. బయట నీళ్లలోనే అవి ఎక్కువగా ఉంటే తోడే పని బరువెక్కుతుంది. అందుకే ఆల్కలినిటీ సమానంగా ఉన్నా పీహెచ్ 8.2లో పెరిగే వేగం 7.8లో రాదు.

సోడా ఎక్కడికి పోయింది

ఇందాకటి లెక్కలో చిన్న పీట ముడి ఉంది. పగడాలు నీరసించి ఉంటే రోజుకి 1.4 డీకేహెచ్ ఇంకా ఎవరు తింటున్నారు?

ఒక ఆదివారం మామూలుగానే సోడా పోయనిచ్చి, తర్వాత రోజూ ఒకే సమయానికి కొలవమన్నాను. రెండు గంటలకి 8.8. సోమవారం ఉదయం 8.1. మంగళవారం 7.6. అక్కడి నుంచి వాలు తగ్గి శనివారానికి మళ్లీ 6.4 దగ్గరికి. మొదటి రోజు అంత నిటారుగా పడి తర్వాత నెమ్మదించడం పగడం తిండి లక్షణం కాదు. సంప్‌లో హీటర్ తీసి చూస్తే దాని ఒళ్లంతా తెల్లటి పెచ్చు. రిటర్న్ పంపు విప్పితే ఇంపెల్లర్ చుట్టూ గరగరలాడే పొర. వెనిగర్ చుక్క వేస్తే బుసబుస పొంగింది. సోడా పొడి సరిగ్గా పంపు ముందు గదిలో పోస్తున్నారు. అక్కడ క్షణంపాటు ఏర్పడే గాఢతకి కాల్షియం కార్బొనేట్ పగడం మీద కాకుండా పంపు మీద గడ్డకడుతోంది. అంటే సోడా పోసేకొద్దీ అవసరం పెరిగినట్టు కనిపిస్తోంది. 4 నుంచి 23 గ్రాములకి ఎక్కడంలో సగం బాధ్యత వానదైతే మిగతా సగం సోడాదే.

పక్కన పెట్టినవి

రాత్రి ఎర్ర లైటు వేసి అక్రోపోరాని పరిశీలించాను. అక్రోపోరాని తినే చదునుపురుగులు పెట్టే గుడ్ల గుంపులు గానీ, అవి కొరికిన గుండ్రని మచ్చలు గానీ లేవు. ఒక చిన్న కొమ్మ విరిచి పురుగులను రాల్చే డిప్ ద్రావణంలో ముంచి పిపెట్‌తో ఊదినా ఏమీ రాలలేదు. లోహాల కోసం ఐసీపీ పరీక్షకి నీళ్లు పంపాం. రాగి, తగరం పట్టించుకోవలసినంత లేవు. ఐసీపీ మీద ఒక మాట. అది మూలకాలను కొలుస్తుంది. ఆల్కలినిటీ, నైట్రేట్, పీహెచ్ ఆ యంత్రం కొలిచేవి కావు. ల్యాబు విడిగా చేసి ఇచ్చినా, సీసాలో ప్రయాణం చేసొచ్చిన నీళ్ల ఆల్కలినిటీ ఒక రోజు ఫోటో మాత్రమే. ఈ కేసులో ఐసీపీ కాగితం ఒక్కటే చూసుంటే కాల్షియం పోయమని చెప్పి ఊరుకునేవాళ్లం.

ఉప్పుదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్ దగ్గర మాత్రం తేడా దొరికింది. ఆర్వో నీళ్లతో సున్నాకి సరిచేసి వాడుతున్నారు. 35 పీపీటీ (వెయ్యికి 35 వంతుల ఉప్పు) ప్రామాణిక ద్రావణం వేసి చూస్తే 36.5 చూపించింది. ఇది ఈ పరికరాల్లో చాలా మామూలు. వీటిలో చాలావాటి స్కేలు సముద్రపు నీటికి కాక వట్టి సోడియం క్లోరైడ్ ద్రావణానికి గీసింది. రెంటి వక్రీభవనం ఒకటి కాదు. కాబట్టి సున్నా దగ్గర ఎంత సరిగ్గా కూర్చున్నా 35 దగ్గర తప్పుతుంది. ట్యాంకులో "35" అనుకున్నది నిజానికి 33.5. పగడాలను చంపే తేడా కాదు. కానీ ఉప్పుదనం తక్కువుంటే మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం అన్నీ అదే మేరకు తక్కువ చూపిస్తాయి. మెగ్నీషియం 1250 రావడం చూసి యజమాని అప్పటికే మెగ్నీషియం డబ్బా సిద్ధం చేసి పెట్టుకున్నారు. ఆ డబ్బా మూత తీయనివ్వలేదు.

టెస్ట్ కిట్‌నీ సరిచూశాను. ఇది ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు: లీటరు డీఐ నీళ్లలో 2.4 గ్రాముల వంట సోడా కరిగించి, అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ లీటరుకి పలుచన చేస్తే 8 డీకేహెచ్ ద్రావణం తయారవుతుంది. కిట్ దానికి 8.1 చూపించింది. బాగానే ఉంది.

రెండు సున్నాలు

కొసలు కాలడానికి ఆల్కలినిటీ గెంతు ఒక్కటే చాలదు. పోషకాలు కాస్త ఉన్న ట్యాంకుల్లో 9, 10 డీకేహెచ్ దగ్గర కూడా అక్రోపోరా నిశ్చింతగా పెరగడం చాలాసార్లు చూశాను. ఇక్కడ నైట్రేట్ సున్నా, ఫాస్ఫేట్ సున్నా. మామూలు కిట్ సున్నాని నమ్మలేం కనక సూక్ష్మ స్థాయి ఫాస్ఫరస్ కొలిచే మీటరుతో చూస్తే ఒక పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు) వచ్చింది. ఫాస్ఫేట్‌గా మార్చాలంటే 3.066తో గుణించాలి, అంటే 0.003 పీపీఎం (పది లక్షల్లో వంతులు). ఆ మీటరు పొరపాటు హద్దుకన్నా తక్కువ. కాబట్టి నిజంగానే లేనట్టే.

ఆరు నెలల కింద రాళ్ల మీద పచ్చటి జుట్టు ఆల్గే వస్తే ఐరన్ ఆక్సైడ్ రియాక్టర్ పెట్టారట. ఆల్గే పోయింది, రియాక్టర్ ఉండిపోయింది. గుళికలు మాత్రం ప్రతి నెలా కొత్తవి. మందు పనిచేశాక కూడా మానకపోవడం ఈ వ్యాపకంలో నేను చూసే అతి సాధారణ సంగతి.

పగడం కణాల్లో ఉండే జూజాంథెల్లే అనే సూక్ష్మ శైవలాలకు నత్రజని, భాస్వరం కావాలి. అవి దొరక్కపోతే శైవలాలు పలచబడతాయి. పగడానికి వాటి నుంచి అందే చక్కెరలు తగ్గుతాయి, రంగు దిగుతుంది. అదే సమయంలో నీళ్లలో కార్బొనేట్ ఒక్కసారిగా పెరిగితే కొసల దగ్గర సున్నం తోసుకొస్తుంది, దాని మీద పరుచుకోవడానికి చాలినంత కణజాలం తయారవదు. పగడాల మీద పనిచేసేవాళ్లం కాలిన కొసలకి చెప్పుకునే వివరణ ఇదే. ఈ ట్యాంకు దానికి సరిగ్గా అతికింది: కాలిన కొసలన్నీ వేగంగా పెరిగే కొమ్మలవి, లైటుకి దగ్గరగా ఉన్నవి. నీడలో ఉన్న కొమ్మలు పాలిపోయాయి గానీ కాలలేదు.

చేసిన మార్పులు, వాటి వరస

ఈ కేసులో ఏం చేశామన్నదానికన్నా ఏది ముందు చేశామన్నదే ముఖ్యం.

ఆదివారం సోడా ఆ వారమే ఆగింది. పగడాలు తక్కువ తింటున్న ట్యాంకులో ఆల్కలినిటీ ఎక్కువ పెట్టడం అర్థం లేని పని కాబట్టి లక్ష్యాన్ని 7.5–8కి దించాం. లైట్ల తీవ్రత నాలుగో వంతు తగ్గించాం. పాలిపోయిన పగడం దగ్గర కాంతిని తాళుకునే శైవలాలే తక్కువ. మునుపటి లైటే దానికిప్పుడు ఎండదెబ్బ.

తర్వాత సున్నపు తేటని ఆవిరి నుంచి విడదీశాం. ఇదే అసలు చికిత్స. ఆటో టాప్ ఆఫ్ డబ్బాలో ఇప్పుడు ఉత్త ఆర్వో నీళ్లే. తేటకి వేరే డబ్బా, వేరే డోసింగ్ పంపు. రాత్రంతా కొంచెం కొంచెంగా 2.5 లీటర్లు, వానొచ్చినా ఎండొచ్చినా అంతే. రాత్రే ఎందుకంటే కిరణజన్య సంయోగ క్రియ ఆగిపోయి పీహెచ్ అప్పుడే దిగుతుంది కనక. 2.5 ఎందుకంటే, అత్యంత తేమగా ఉన్న రోజు ఆవిరి కన్నా ఈ అంకె తక్కువ ఉండాలి, లేకపోతే ట్యాంకులో నీళ్లు పెరిగి ఉప్పుదనం దిగుతుంది. ఆ మోతాదు ఇచ్చేది రోజుకి 0.8 డీకేహెచ్. మిగతాది సోడియం కార్బొనేట్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలుగా, రెండు వేర్వేరు పంపులతో, రెండు వేర్వేరు గంటల్లో, నీళ్లు బాగా కదిలే చోట. పీహెచ్ 8.45 దాటితే తేట పంపు ఆగేలా కంట్రోలర్‌లో కట్టుబాటు పెట్టాం. తేట పీహెచ్ 12.4, పంపు ఇరుక్కుని డబ్బా మొత్తం ఒక్కసారి ఒంపేస్తే తెల్లారేసరికి ట్యాంకులో ఏదీ మిగలదు. కలిపేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. డబ్బాకి మూత ఉండాలి, లేదంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైన పొర కట్టి సున్నం బలం పోతుంది.

కాల్షియం 365 ఉన్నా వెంటనే ముట్టుకోలేదు. ముందు ఉప్పుదనం. ఆవిరి భర్తీలో కొంత భాగం ఉప్పు నీళ్లు వాడుతూ రోజుకి 0.3 మించకుండా 33.5 నుంచి 35కి తెచ్చాం. దానితోనే కాల్షియం 380కి, మెగ్నీషియం 1300కి చేరాయి. సముద్రంలో మెగ్నీషియం 1280–1300 దగ్గరే ఉంటుంది. మెగ్నీషియం డబ్బా అవసరం అక్కడితో తీరిపోయింది. కాల్షియం ఇంకో 40 పెరగాలి: 340 లీటర్లకి 13.6 గ్రాముల కాల్షియం, అంటే డైహైడ్రేట్ రూపంలో ఉన్న కాల్షియం క్లోరైడ్ 50 గ్రాములు. రోజుకి లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటకుండా విడతలుగా ఇచ్చాం. ఉప్పుదనం చూడకుండా మొదటే లెక్క వేసుంటే 70 గ్రాములు పోసేవాళ్లం.

స్కిమ్మర్ గాలి గొట్టాన్ని పొడిగించి కిటికీ బయటికి పెట్టాం. స్కిమ్మర్ రోజంతా నీళ్లలోకి కొట్టే గాలి ఇక గది గాలి కాదు. తెల్లవారుజాము పీహెచ్ రెండు మూడు రోజుల్లోనే 7.7 నుంచి 7.95కి వచ్చింది. ఇంత తక్కువ శ్రమకి ఇంత ఫలితం ఇచ్చే మార్పు రీఫ్ ట్యాంకులో ఇంకొకటి నాకు తెలియదు.

పోషకాల దగ్గర యజమానికీ నాకూ కాస్త వాదన జరిగింది. ఆయన సోడియం నైట్రేట్ తెప్పిస్తానన్నారు. నేను వద్దన్నాను. భాస్వరం లేని చోట నత్రజని ఒక్కటే పెంచడం ప్రమాదం. 2013లో సౌతాంప్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన యోర్గ్ వీడెన్‌మన్ బృందం నేచర్ క్లైమేట్ చేంజ్ పత్రికలో చూపించింది ఇదే: నత్రజని పెరిగి ఫాస్ఫేట్ కరువైన పగడాలు వేడికీ కాంతికీ త్వరగా తెల్లబడతాయి. ముందు ఐరన్ ఆక్సైడ్ రియాక్టర్ తీసేయించి, చేపల మేత పెంచాం. చేపలు తిని విసర్జించేదాంట్లో రెండూ ఉంటాయి. ఫాస్ఫేట్ చాలా రోజులు సున్నా దగ్గరే మొరాయించింది. రాళ్లు, ఇసుక కూడా కాల్షియం కార్బొనేటే కదా, వచ్చిన ఫాస్ఫేట్‌ని అవి ముందు పీల్చుకుంటాయి. వాటి దాహం తీరాకే నీళ్లలో కనబడుతుంది. ఆ రోజుల్లో ఓపిక పట్టలేక ఫాస్ఫేట్ పోసేస్తే తర్వాత మళ్లీ ఆల్గేతో పోరాటం.

ఏం మారింది

మొదట మారింది రంగు కాదు, వాడకం. సోడా ఆగి పంపుల మీద గడ్డకట్టడం ఆగాక, రోజువారీ ఆల్కలినిటీ వాడకం 0.9–1.0గా తేలింది. పగడాలు నిజంగా తింటున్నది ఇంతే. మూడో వారం చివరికి 1.2. రెండో నెలలో 1.6. కంటికి ఇంకా ఏ మార్పూ కనబడని రోజుల్లోనే ఈ అంకె పైకి కదలడం మొదలైంది. కాబట్టి కోలుకుంటున్న ట్యాంకులో నేను పగడాన్ని ఫోటోలు తీయమనను, వాడకం రాయమంటాను. మనం కోరుకున్నదే ఫోటోలో చూస్తాం.

తర్వాత గాజు మీద కోరలైన్ చుక్కలు వచ్చాయి. యూఫిలియా నిండుగా విచ్చుకుంది. స్టైలోఫోరా అన్నిటికన్నా ముందు గులాబీ రంగు తెచ్చుకుంది. కాలిన అక్రోపోరా కొసలు తిరిగి బతకలేదు. అవి బతకవు, వాటి మీద పలుచని ఆల్గే పట్టింది, దాని కిందనుంచి కొత్త కణజాలం నెమ్మదిగా ఎగబాకి కప్పేసింది. పక్కల నుంచి కొత్త కొమ్మలు మొలిచాయి.

ఒక నీలం అక్రోపోరా మాత్రం దక్కలేదు. మార్పులన్నీ మొదలైన రెండో వారంలో దాని మొదలు దగ్గర కణజాలం ఒలిచినట్టు లేచిపోవడం మొదలైంది. ఇలాంటప్పుడు ఎదురుచూడటం దండగ. చచ్చిన గీతకి ఒక అంగుళం పైన, ఆరోగ్యంగా ఉన్న చోట కోసి ముక్కలు చేశాం. కొన్ని నిలబడ్డాయి, తల్లి కాలనీ పోయింది.

చికిత్స పనిచేసిందా, లేక వానలు వెలిసి ట్యాంకు తనంతట తాను బాగుపడిందా అన్న అనుమానం సబబే. కానీ సున్నపు తేట ఆవిరి మీద ఆధారపడే పాత ఏర్పాటే ఉండుంటే, పొడి గాలి రాగానే ఆల్కలినిటీ పైకి ఎగబాకాలి. ఎండలు తిరిగొచ్చి ఆవిరి మళ్లీ 4 లీటర్లు దాటింది. ఆటో టాప్ ఆఫ్ పంపు ఎక్కువసేపు తిరిగింది, ఉత్త నీళ్లే పోసింది. ఆల్కలినిటీ ఆ రోజుల్లో 7.7కీ 7.9కీ మధ్య ఉంది. ఈసారి అది దిద్దిన తర్వాతి అంకె కాదు. పుస్తకంలో ఇప్పుడు రెండు గడులున్నాయి, "ముందు", "తర్వాత" అని. రెండో గడి చాలా వారాలుగా ఖాళీగానే ఉంటోంది. పగడాలు పెరిగేకొద్దీ పంపుల మోతాదు మాత్రం పెంచుతూ రావాలి. డోసింగ్ పంపు గొట్టం అరిగితే అదే సెట్టింగ్‌లో తక్కువ పోస్తుంది కనక, నెలకోసారి కొలత గ్లాసులోకి వదిలి చూసుకోమని చెప్పాను.

ఇటీవల గాజు మీద రెండు రోజులకోసారి పలుచని గోధుమరంగు పొర వస్తోందని, రియాక్టర్ మళ్లీ బిగించమంటారా అని యజమాని ఫోన్ చేశారు. నైట్రేట్ 5, ఫాస్ఫేట్ 0.05 ఉన్నాయి. గాజు తుడుచుకోమన్నాను. ఫాస్ఫేట్ 0.1 దాటితే అప్పుడు, అదీ సగం గుళికలతో, ఆలోచిద్దాం.